కొత్త కొలువులో శూన్యాంశ దోషం

2020 ఏప్రిల్‌లో ఒక రాత్రి, కరోనా వైరస్ వ్యాసం 100 మైక్రోమీటర్లు అని రాశాను.

అసలు సంఖ్య సుమారు 100 నానోమీటర్లు. అంటే నా తప్పు వెయ్యి రెట్లు. పేజీ ప్రెస్సుకు వెళ్లడానికి గంట ముందు మా చీఫ్ సబ్ ఎడిటర్ గారు పట్టుకున్నారు. ఆయన చదివింది బీఏ తెలుగు. "వెంట్రుక మందం ఇంతేనని పోయిన నెల మనమే ఫిల్లర్ వేశాం కదమ్మా. వైరస్ కూడా అంత లావుంటే టీకా ఎందుకు, చీపురుతో ఊడ్చేయొచ్చు" అన్నారు. డెస్క్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

లాక్‌డౌన్ రోజులు. ప్రెస్ స్టిక్కర్ అంటించిన స్కూటీ మీద, కుక్కలు తప్ప ఎవరూ లేని రోడ్డున ఇంటికి వెళ్తుంటే నవ్వు పోయింది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. అంతకుముందు నాలుగేళ్లు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. జవాబు సరిగ్గా ఉండి యూనిట్ తప్పు రాస్తే అర మార్కు కోసేదాన్ని. అలాంటి నేను నానో, మైక్రో తేడా చూసుకోలేదు. "ఈ పని నాకు రాదు" అన్న ఆలోచన అప్పటికే ఏడాదిగా ఉంది. ఆ రాత్రి దానికి ఇంకోటి తోడైంది: "ఆ పాత పని కూడా నాకు నిజంగా వచ్చి ఉండదు. ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదంతే."

మొదటి ఆలోచన కొత్తగా ఏ పనిలో చేరినవారికైనా వస్తుంది, అందులో అబద్ధమూ లేదు. కొత్త పని రాదు కాబట్టే నేర్చుకుంటాం. రెండోది వేరు. అది వెనక్కి వెళ్లి, గడిచిన ఏళ్లను కూడా కొట్టేస్తుంది.

ఇరవై తొమ్మిదేళ్లకు లెక్చరర్ ఉద్యోగం వదిలి, సగం కంటే తక్కువ జీతానికి ఒక దినపత్రికలో ట్రైనీగా చేరాను. పక్క సీట్లలో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. తెలుగు టైపింగ్‌లో నాకంటే మూడు రెట్లు వేగం. నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం ఏడాది పాటు చుట్టాల దగ్గర నేను ఇంకా లెక్చరర్‌నేనని చెప్పింది. ఇవన్నీ చెప్పడం సానుభూతి కోసం కాదు. సైన్స్ రిపోర్టర్‌గా తర్వాత ఈ విషయం మీద పరిశోధనా పత్రాలు చదువుతున్నప్పుడు, వాటిలో ఏది నిజంగా పనికొచ్చింది, ఏది వినసొంపుగా మాత్రమే ఉంది అని తూచడానికి నా దగ్గర ఉన్న తూకపురాయి ఈ అనుభవమే.

పేరు పెట్టింది 1978లో

ఈ రెండో ఆలోచనకు పేరు పెట్టినవారు అమెరికాలోని అట్లాంటాకు చెందిన మనస్తత్వ నిపుణులు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్. చదువులోనో వృత్తిలోనో బాగా రాణించిన నూట యాభై మందికి పైగా స్త్రీలతో మాట్లాడిన అనుభవంతో 1978లో ఒక పత్రం రాశారు. డిగ్రీలు, మంచి మార్కులు, పై అధికారుల మెప్పు అన్నీ ఉన్నా ఆ స్త్రీలు తమను తాము మోసగాళ్లుగా చూసుకుంటున్నారు. గెలిస్తే అదృష్టం, లేదా ఎవరో పొరబడి ఎంపిక చేశారు. ఓడితే మాత్రం అసలు రంగు బయటపడింది. దీన్ని వాళ్లు ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. తెలుగులో వేషధారి భావన అనుకోవచ్చు. అర్హత లేని వేషం కట్టి రంగస్థలం ఎక్కామనీ, ఏ క్షణమైనా కిరీటం ఊడుతుందనీ భయం.

ఇక్కడ ఒక చిన్న సవరణ. ఈ రోజు అందరి నోటా వినిపించేది ఇంపోస్టర్ సిండ్రోమ్. క్లాన్స్, ఐమ్స్ వాడిన మాట సిండ్రోమ్ కాదు. మానసిక వ్యాధుల అధికారిక పట్టికల్లోనూ దీనికి చోటు లేదు. ఇది రోగం కాదు, ఒక అనుభవం. తర్వాతి పరిశోధనల్లో పురుషుల్లోనూ ఇది కనిపించింది.

ఎంత మందికి ఉంటుంది? ఇంటర్నెట్‌లో వెతికితే ఠక్కున ఒక శాతం దొరుకుతుంది. నమ్మకండి. 2020లో డేనా బ్రవాటా బృందం అప్పటివరకు వచ్చిన 62 అధ్యయనాలను, వాటిలోని 14,161 మంది వివరాలను ఒకచోట చేర్చి చూసింది. తేలిన శాతం 9 నుంచి 82 వరకు ఉంది! ఏ ప్రశ్నావళి వాడారు, ఎన్ని మార్కులు దాటితే 'ఉంది' అన్నారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోయింది. ఒకే వస్తువు పొడవును ఒక స్కేలు 9 అని, ఇంకోటి 82 అని చూపిస్తే భౌతికశాస్త్రం చదివినవాళ్లు ముందు స్కేలును అనుమానిస్తారు. అదే సమీక్షలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం మరొకటి ఉంది. ఈ భావనకు ఏ చికిత్స పనిచేస్తుందో పరీక్షించిన అధ్యయనం ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. అంటే అప్పటికి నలభై ఏళ్లుగా దీని మీద పుస్తకాలు, ఉపన్యాసాలు, శిక్షణ తరగతులు వస్తూనే ఉన్నాయి, మందును మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేవాటిని మందు చీటీగా తీసుకోవద్దు.

అందరూ మనల్నే చూస్తున్నారా?

కొత్త ఉద్యోగంలో సగం బాధ పని గురించి కాదు, పక్కవాళ్ల చూపుల గురించి. దీనికి సంబంధించి మంచి ప్రయోగాలే ఉన్నాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలొవిచ్, సహచరులు విద్యార్థుల చేత ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేయించారు. ఆ గాయకుడు బ్యారీ మ్యానిలో. ఆ వయసు పిల్లలు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ. ఆ చొక్కాతో ఇతర విద్యార్థులున్న గదిలోకి పంపి, కాసేపటికి బయటకు పిలిచి, "నీ చొక్కా మీద ఎవరున్నారో ఎంత మంది గమనించి ఉంటారు?" అని అడిగారు. దాదాపు సగం మంది అని వాళ్ల అంచనా. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు. 2000లో వచ్చిన ఈ పత్రం దీనికి స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టింది.

ఇంతకంటే నాకు నచ్చింది 2003లో కెనెత్ సవిట్‌స్కీ, గిలొవిచ్ చేసిన ఇంకో ప్రయోగం. అప్పటికప్పుడు ఉపన్యాసం ఇవ్వాల్సిన విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ చెప్పలేదు. ఇంకో గుంపుకు "కంగారు సహజం, బాధపడకండి" అని ధైర్యం చెప్పారు. మూడో గుంపుకు మాత్రం ఒక సమాచారం ఇచ్చారు: "మీ లోపలి కంగారు మీరు అనుకున్నంతగా బయటకు కనిపించదు." మూడో గుంపు మిగతావారి కంటే మెరుగ్గా మాట్లాడింది. అది వాళ్ల అభిప్రాయమే కాదు, విన్నవాళ్లూ అదే చెప్పారు. ధైర్యం చెప్పిన గుంపుకు అంత లాభం కలగలేదు.

మన ఇళ్లలో, ఆఫీసుల్లో కొత్తవాళ్లకు మనం చేసేది ఎక్కువగా రెండో గుంపుకు చేసిందే. "ఏం కాదులే, అందరికీ ఉంటుంది." మాట మంచిదే. కానీ కంగారుపడేవాడికి కావలసింది ఓదార్పు కంటే ఒక నిజమైన సమాచారం కావచ్చు.

తీగ మందం కొలిచినట్టు

వైరస్ సంఘటన జరిగిన వారానికి, పాత పుస్తకాల పెట్టె సర్దుతుంటే ఇంటర్ ప్రాక్టికల్స్ రికార్డు దొరికింది. స్క్రూ గేజ్‌తో తీగ వ్యాసం కనుక్కోవడం. ఆ ప్రయోగంలో తీగ పెట్టడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండు మొనలను ఒకదానికొకటి తాకించి చూడాలి. మధ్యలో ఏమీ లేదు కాబట్టి రీడింగ్ సున్నా రావాలి. చాలా పరికరాల్లో రాదు. మూడు విభాగాలో నాలుగు విభాగాలో అటో ఇటో చూపిస్తుంది. అదే శూన్యాంశ దోషం. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు జీరో ఎర్రర్.

నాలుగేళ్ల పాటు పిల్లలకు చెప్పిన మాటే అది. దోషం ఉన్న గేజ్‌ను పారేయక్కర్లేదు. దాని మాట యథాతథంగా నమ్మనూ కూడదు. ఎంత దోషమో కొలిచి, ప్రతి రీడింగ్‌లో ఆ మేరకు సవరణ చేసుకుంటే ఆ గేజే మిల్లీమీటరులో నూరో వంతు వరకు సరిగ్గా చెబుతుంది. శూన్యాంశ దోషం క్రమ దోషాల జాతికి చెందింది. ఎప్పుడూ ఒకే దిశలో, ఒకే మేరకు తప్పు చూపిస్తుంది. అందుకే వందసార్లు కొలిచి సగటు తీసినా పోదు. సగటుతో తగ్గేవి యాదృచ్ఛిక దోషాలు. ఏదో ఒక సున్నాతో పోల్చి చూస్తేనే క్రమ దోషం బయటపడుతుంది.

నా ఆత్మసందేహం కూడా ఒక పరికరమే అయితే? దాని సున్నా ఎక్కడుందో ఎప్పుడూ చూడలేదు.

ఒక రూళ్ల నోట్‌బుక్ కొన్నాను. కాపీ ఇచ్చే ముందు, డెస్క్ ఇందులో ఎన్ని తప్పులు దిద్దుతుందని నేను అనుకుంటున్నానో ఒక గడిలో రాసేదాన్ని. పేజీ వెళ్లాక దిద్దిన కాపీ అడిగి తీసుకుని, నిజంగా ఎన్ని దిద్దారో పక్క గడిలో. మూడో గడిలో ఆ తప్పులు ఏ రకమో: సమాచారం, భాష, అర్థం కాకపోవడం. దిద్దిన కాపీ అడగడానికి మొదటి వారం మొహమాటపడ్డాను. చీఫ్ సబ్ గారు మాత్రం ఎందుకని కూడా అడగకుండా ఇచ్చేవారు.

నలభై కాపీలయ్యాక కూర్చుని లెక్క చూశాను. ఒక్క మనిషి, ఒక్క నోట్‌బుక్. దీన్ని అధ్యయనం అనడానికి లేదు. అయినా నా దగ్గర ఉన్నవి అవే అంకెలు.

జీవశాస్త్రం, వైద్యం మీద రాసిన కాపీల్లో నా అంచనా పది, పన్నెండు ఉండేది. వాస్తవంలో మూడో నాలుగో. నాకు తెలియని రంగం కాబట్టి ప్రతి మాటా రెండుసార్లు చూసుకునేదాన్ని, ఒక డాక్టరుకో పరిశోధకుడికో ఫోన్ చేసేదాన్ని. దాదాపు ప్రతి కాపీలోనూ దోషం ఒకే దిశలో ఉంది. కచ్చితంగా శూన్యాంశ దోషమే.

ఇక్కడితో ఆగి ఉంటే కథ సుఖాంతం. కానీ భౌతికశాస్త్రం, ఖగోళం మీద రాసిన కాపీల వరుస వేరే కథ చెప్పింది. అక్కడ నా అంచనా ఒకటి, రెండు. డెస్క్ దిద్దినవి ఆరు, ఏడు. ఎక్కువ భాగం 'అర్థం కాకపోవడం' గడిలో. ద్రవ్యవేగం, తరంగదైర్ఘ్యం లాంటి మాటలు వివరణ లేకుండా వాడేశాను. పాఠకుడికి తెలిసే ఉంటాయని కాదు, నాకు తెలుసు కాబట్టి. కొన్ని చోట్ల సంఖ్యలే తప్పు. అప్పుడు గుర్తొచ్చింది, నానోమీటరు తప్పు కూడా ఆ జాతిదే. ఆ వ్యాసంలో స్పైక్ ప్రొటీన్ గురించి రాసిన పేరా మూడుసార్లు సరిచూసుకున్నాను. కొలత రాసిన వాక్యం ఒక్కసారి కూడా చూడలేదు. కొలతలు నాకు రావా!

ఏడాది పాటు నేను సందేహించిన చోట తప్పులు పెద్దగా లేవు. తప్పులున్న చోట సందేహమే లేదు. సందేహాన్ని పోగొట్టుకోవాలని తిరిగాను గానీ, దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకుంటే చాలని నోట్‌బుక్ చూసేదాకా తెలియలేదు.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి దగ్గరి బంధువు ఒకటుంది. ఆల్బర్ట్ బాండూరా 1977లో, ఒక పనిని చేయగలమన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో నాలుగు మూలాలు చెప్పారు. తానే చేసి నెగ్గిన అనుభవం, తనలాంటివారు చేయడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, తన శరీరం చెప్పే సంకేతాలు. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదేనని ఆయన వాదన. ప్రోత్సాహపు మాటలు త్వరగా ఎక్కుతాయి, త్వరగా దిగుతాయి. చేసిన పని అలా కాదు. అయితే వేషధారి భావన ఉన్నవారి చిక్కంతా అక్కడే. చేసిన పని వాళ్ల ఖాతాలో జమ కాదు, అదృష్టం ఖాతాలోకి పోతుంది. అందుకే ముందుగా అంచనా రాసి పెట్టుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం. ముందు రాయకపోతే, ఫలితం వచ్చాక మన జ్ఞాపకం అంచనాను తనకు నచ్చినట్టు మార్చేసుకుంటుంది.

ఆ గ్రాఫు ఎవరు గీశారు?

ఉద్యోగాల వెబ్‌సైట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే గ్రాఫు ఒకటి మీరూ చూసే ఉంటారు. మొదట్లో కాస్త నేర్చుకోగానే ఆత్మవిశ్వాసం కొండెక్కుతుంది, తర్వాత నిరాశ లోయలో పడుతుంది, ఆపైన నెమ్మదిగా నిజమైన జ్ఞానంతో పైకి వస్తుంది. కింద డన్నింగ్, క్రూగర్ పేర్లుంటాయి. కొత్త ఉద్యోగంలో కుంగినవారికి "నువ్విప్పుడు లోయలో ఉన్నావు, త్వరలో ఎక్కుతావు" అని దాన్ని చూపిస్తుంటారు. నాకూ ఒకరు పంపారు.

డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ 1999లో రాసిన అసలు పత్రంలో ఆ కొండ లేదు, ఆ లోయా లేదు. వాళ్లు ఒకే మనిషి ఏళ్ల తరబడి ఎలా మారతాడో చూడనే లేదు. విద్యార్థులకు తర్కం, వ్యాకరణం వంటి పరీక్షలు పెట్టి, "మిగతావారితో పోలిస్తే నువ్వు ఎక్కడుంటావు?" అని అడిగారు. అట్టడుగు పావు వంతులో ఉన్నవారు నిజానికి వంద మందిలో పన్నెండో మెట్టు దగ్గరుంటే, తాము అరవై రెండో మెట్టు దగ్గరున్నామనుకున్నారు. పై పావు వంతులోనివారు తమ స్థానాన్ని కొంత తక్కువగా అంచనా వేశారు. ఇందులో కొంత భాగం గణాంకాల గారడీయేనని, ఏ రెండు అసంపూర్ణ కొలతలను పోల్చినా చివరల్లో ఉన్నవి సగటు వైపు జరుగుతాయని తర్వాత విమర్శలూ వచ్చాయి. ఆ చర్చ ఇంకా సాగుతోంది.

లోయ బొమ్మ ఓదార్పునిస్తుంది, కాదనను. కానీ ఎదురుచూస్తే చాలు, గ్రాఫే మనల్ని పైకి లాక్కెళ్తుందని దాని అంతరార్థం. అలా ఏ గ్రాఫూ లాక్కెళ్లదు.

వెంకీ రామకృష్ణన్ రెండోసారి విద్యార్థి అయినప్పుడు

భౌతికశాస్త్రం వదిలి వేరే దారి పట్టినవారి గురించి మాట్లాడేటప్పుడు వెంకట్రామన్ రామకృష్ణన్ పేరు రాక తప్పదు. 1952లో చిదంబరంలో పుట్టి, బరోడాలో బీఎస్సీ ఫిజిక్స్ చదివి, అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో 1976లో ఫిజిక్స్ పీహెచ్‌డీ పొందారు. డాక్టరేట్ చేతికొచ్చే సమయానికే తన భవిష్యత్తు ఆ రంగంలో లేదని తేల్చుకున్నారు. అప్పటికే పెళ్లైంది, ఇంట్లో పిల్లలున్నారు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రంలో మళ్లీ విద్యార్థిగా చేరారు. చేతిలో పీహెచ్‌డీ ఉన్న మనిషి, డిగ్రీ పిల్లలతో కలిసి కూర్చుని వాళ్ల పాఠాలు విన్నారు.

అక్కడ రెండో పీహెచ్‌డీ పూర్తి చేయకుండానే యేల్ విశ్వవిద్యాలయంలో పీటర్ మూర్ దగ్గర రైబోజోమ్ మీద పనికి వెళ్లారు. కణంలో ప్రొటీన్లను తయారు చేసే యంత్రం రైబోజోమ్. ఆ పని ముగిశాక అధ్యాపక ఉద్యోగాల కోసం దాదాపు యాభై చోట్లకు దరఖాస్తు చేస్తే ఒక్కచోట కూడా ఉద్యోగం రాలేదు. ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో కొంతకాలం, 1983 నుంచి బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేశారు. రైబోజోమ్ నిర్మాణం తేలాలంటే ఎక్స్-రే స్ఫటిక విజ్ఞానం కావాలి. అది ఆయనకు రాదు. దాంతో నలభై ఏళ్ల వయసుకు దగ్గర పడుతుండగా సెలవు పెట్టి, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జికి వెళ్లి మళ్లీ నేర్చుకున్నారు. 2000లో ఆయన బృందం రైబోజోమ్ చిన్న ఉపభాగం నిర్మాణాన్ని అణువుల స్థాయిలో వెల్లడించింది. 2009లో థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లతో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఈ కథను చివరి వాక్యం నుంచి వెనక్కి చదవడం మనకు అలవాటు. అలా చదివితే యాభై తిరస్కరణలు కూడా అందంగా కనిపిస్తాయి. తిరస్కరణలు అందుకుని ఆ తర్వాత ఏ నోబెలూ రాని వేల మంది కథలు మన దాకా రావు. కాబట్టి ఆయన గెలిచారు కనుక మనమూ గెలుస్తామన్న లెక్క తప్పు. నేను ఇందులోంచి తీసుకునేది చిన్న విషయం. ఆయన రెండుసార్లు తనకు ఏది రాదో పేరుపెట్టి గుర్తించారు. మొదట జీవశాస్త్రపు పునాది, తర్వాత స్ఫటిక విజ్ఞానం. రెండుసార్లూ అది నేర్పే చోటికి వెళ్లి కింది బెంచీలో కూర్చున్నారు. "నాకు ఏమీ రాదు" అన్న మాటతో ఏం చేయాలో తెలియదు. "నాకు స్ఫటిక విజ్ఞానం రాదు" అంటే మాత్రం ఏ క్లాసుకు వెళ్లాలో తెలుస్తుంది.

దోషం తక్కెడలో ఉంటే

ఇప్పటివరకు మాట్లాడింది మన లోపలి పరికరం గురించి. కానీ ఎదుటివాళ్ల తక్కెడే తప్పైతే?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో, గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఆంగ్లేయ ఆచార్యుడికి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా ఇచ్చారు. అమెరికా వెళ్లాక బోస్టన్ ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించారు. ఆ పద్ధతిని నేటికీ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో, నలభై ఐదేళ్ల వయసులో, లెడర్లీ ప్రయోగశాలల్లో కొత్త జీవితం మొదలుపెట్టారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, మెథోట్రెక్సేట్ మందు, మొదటి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ అక్కడ ఆయన నేతృత్వంలోని బృందాల నుంచే వచ్చాయి.

ఆయన మనసులో ఏ సందేహాలుండేవో మనం ఊహించనక్కర్లేదు. ఆయనను కొలిచిన గేజ్‌లు తప్పని మాత్రం రికార్డు చూస్తే తెలుస్తుంది. ఇటువంటివారికి "నీలో ఆత్మవిశ్వాసం తక్కువ" అని సలహా ఇవ్వడం ఎలా ఉంటుంది? 2021లో రుచికా తుల్షియాన్, జోడి ఆన్ బ్యూరీ ఇదే ప్రశ్న వేశారు. ముఖ్యంగా స్త్రీలు, వివక్షకు గురయ్యే వర్గాలవారు అనుభవించే దానికి ఇంపోస్టర్ సిండ్రోమ్ అని పేరుపెట్టి, వాళ్లను సరిచేయబోవడం కంటే ఆఫీసులను సరిచేయాలని వాళ్ల వాదన. తరగతి గదిలో మొదటి తరం విద్యార్థిగానో, ఇంగ్లిష్ తడబడే తెలుగు మీడియం మనిషిగానో కూర్చున్నవారికి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

దీని మీద ప్రయోగపు ఆధారమూ ఉంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఏడాది కాలేజీ విద్యార్థుల చేత పై తరగతులవారి అనుభవాలు చదివించారు. "మొదట్లో ఇది మన చోటు కాదనిపించింది, తర్వాత అలవాటైంది" అన్నది వాటి సారం. గంటసేపటి పని. తర్వాతి మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులతో తేడా సగానికి తగ్గింది. అంత చిన్న పనికి ఇంత ఫలితమా అని నాలోని ఫిజిక్స్ లెక్చరర్ కనుబొమలెత్తింది. 2023లో వాల్టన్ బృందమే 22 విద్యాసంస్థల్లో చాలా పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షించింది. ఈసారి ఫలితం అన్ని చోట్లా రాలేదు. ఆ వర్గం విద్యార్థులకు 'ఇది నా చోటే' అనిపించే అవకాశం నిజంగా ఉన్న కాలేజీల్లోనే పనిచేసింది. నేలలో తేమ లేని చోట విత్తనం మొలవలేదు.

మా డెస్క్‌లో దిద్దిన కాపీ అడిగితే ఇచ్చారు. ఇవ్వని చోట నా నోట్‌బుక్ మొదటి గడి దగ్గరే ఆగిపోయేది. కొత్తవారికి తప్పులు చూపించే తీరిక, ఓపిక ఉన్న ఒక మనిషి ఆఫీసులో ఉన్నారా లేదా అన్నది మన చేతిలో లేదు. అందుకే ఇదంతా వ్యక్తిగత సాధనగా చెప్పే పుస్తకాలంటే నాకు చిరాకు.

ఇంకో పరిశోధన గురించి చెప్పాలా వద్దా అని ఆలోచించాను, ఎందుకంటే దాన్ని తప్పుగా వాడుకోవడం తేలిక. అమెరికాలోని ఎంఐటీకి చెందిన బసీమా టెఫిక్ 2022లో ప్రచురించిన అధ్యయనాల్లో, పని దగ్గర ఇలాంటి ఆలోచనలు తరచూ వచ్చేవారు ఎదుటివారితో మెలగడంలో మెరుగ్గా ఉన్నట్టు తేలింది. శిక్షణలో ఉన్న వైద్యుల్లోనూ ఇదే కనిపించింది. రోగి చెప్పేది మరింత శ్రద్ధగా వినడం లాంటివి. పనిలో నాణ్యత మాత్రం తగ్గలేదు. అలాగని కొత్తవారిని భయపెట్టి ఉంచితే బాగా పనిచేస్తారని ఏ మేనేజరైనా అనుకుంటే, ఆయన పత్రం చదవలేదని అర్థం.

ఒక గీత మాత్రం గీయాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, బతకాలనిపించకపోవడం ఇక్కడ మాట్లాడుకున్న సందేహం కావు. అవి వైద్యుడికి చెప్పాల్సిన విషయాలు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ పత్రిక నుంచి నేను బయటకు వచ్చి కొన్నేళ్లయింది. చీఫ్ సబ్ గారు రిటైరయ్యారు. పండగలకు ఫోన్ చేస్తే ఇప్పటికీ "వెంట్రుక ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. అమ్మ ఇప్పుడు నా వ్యాసాలు కత్తిరించి దాస్తోంది, లెక్చరర్ మాట ఎత్తదు. నోట్‌బుక్‌లు మూడయ్యాయి. శూన్యాంశ దోషం ఇంకా ఉంది, మునుపటి కంటే కాస్త తగ్గింది. ఈ వ్యాసం పంపే ముందు కూడా మొదటి గడి నింపాను. అంచనా ఆరు. అన్నీ స్క్రూ గేజ్ పేరాలో ఉంటాయని నా అనుమానం.